మార్కులు వేయించి అమ్ముదామా?

అటక మీద దొరికిన పాత కామిక్ పుస్తకం కోట్లు పలకొచ్చు, పార్సిల్ ఖర్చులు కూడా రాకపోవచ్చు. అమ్మే ముందు దానికి గ్రేడింగ్, అంటే స్థితిని బట్టి మార్కులు, వేయించాలా వద్దా అన్న చోట చాలామంది తొందరపడుతున్నారు.

2024లో ఉత్తర కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు, తల్లి పోయాక ఆమె ఇల్లు సర్దుతున్నారు. అటకెక్కి చూస్తే పాత న్యూస్‌పేపర్ల కట్ట కింద బూజు పట్టిన అట్టపెట్టె కనిపించింది. అందులో కొన్ని కామిక్ పుస్తకాలు. తన దగ్గర ఖరీదైన కామిక్స్ ఉన్నాయని ఆమె బతికున్న రోజుల్లో చెబుతూ వచ్చిందే గానీ, పిల్లలెప్పుడూ వాటిని కళ్లజూసింది లేదు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు, అమెరికాలో జనం చేతుల్లో డబ్బాడని రోజుల్లో, ఆమె, ఆమె తోడబుట్టినవాడు కొనుక్కుని దాచుకున్నవి. వాటిలో ఒకటి 1939 నాటి ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక. అప్పటి వెల పది సెంట్లు. 2025 నవంబరులో హెరిటేజ్ సంస్థ దాన్ని వేలం వేస్తే 91 లక్షల 20 వేల డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు 80 కోట్ల రూపాయలు.

పత్రికలన్నీ అటక గురించి రాశాయి. ఆ వ్యాపారంలో తలపండినవాళ్ల చూపు మాత్రం, పుస్తకాన్ని బిగించిన ప్లాస్టిక్ పలక పైభాగాన ఉన్న 9.0 అనే అంకె మీద పడింది. ఆ సంచికకు దక్కిన గ్రేడుల్లో అదే ఎక్కువ. అంతకుముందు, 2022లో, 8.0 గ్రేడున్న కాపీ ఒకటి 53 లక్షల డాలర్లకు చేతులు మారింది. మధ్యలో మార్కెట్ కూడా మారింది కాబట్టి తేడా మొత్తం ఆ ఒక్క పాయింటు పుణ్యమే అనలేం. కానీ ఆ అంకె లేకుండా, ‘చాలా బాగుందండీ’ అన్న మాట మీద ఎవరూ అంత సొమ్ము పెట్టరు.

ఈ వార్త చదివాక అమెరికాలో ఎన్ని అటకలు దులిపి ఉంటారో ఊహించుకోవచ్చు. దొరికిందల్లా గ్రేడింగ్‌కు పంపించేద్దామన్న ఉబలాటం అక్కడే మొదలవుతుంది. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కుని, శనివారం గరాజ్ సేల్లో పిల్లాడి కోసం ఓ పెట్టెడు పాత కామిక్స్ తెచ్చుకున్న మనవాళ్లకూ ఈ ప్రశ్న వస్తుంది. పెట్టెలో ఒక్కటంటే ఒక్కటి ఖరీదైనది తేలినా సరే, దాన్ని విడిగా అమ్మాలా, పలకలో పెట్టించి అమ్మాలా?

మొహం చూడని బేరం

ఈ పలకను వాళ్లు ‘స్లాబ్’ అంటారు. స్లాబ్ చేయని పుస్తకం ‘రా’ కాపీ. స్లాబ్ చేసే సంస్థల్లో పెద్దది సీజీసీ. 2000లో మొదలైంది, ఫ్లోరిడాలోని సారసోటా దాని ఊరు. పాత నాణేలకు ఇదే పని చేసే ఎన్‌జీసీ దాని అక్క సంస్థ. సీజీసీలో మొదట్లో గ్రేడర్లకు పెద్దగా ఉన్న స్టీవ్ బోరాక్ బయటికొచ్చి 2014లో సీబీసీఎస్ అనే మరో కంపెనీ పెట్టాడు. ఇంకొన్ని చిన్నాచితకా ఉన్నాయి గానీ, వేలంలో కొనేవాళ్లు ముందు అడిగేది సీజీసీనే. అదే పుస్తకం, అదే అంకె అయినా, పలక మీద పేరు మారితే ధర మారుతుంది.

పని జరిగే తీరు ఇది. పుస్తకం చేరగానే పేజీలు లెక్కపెడతారు. రిపేరు, రంగు పూత, కత్తిరింపు జరిగాయేమో వెతుకుతారు. అది ఎవరిదో గ్రేడర్లకు చెప్పరు. ఒకరికి మించి చూశాక 0.5 నుంచి 10.0 లోపు ఒక అంకె ఖాయం చేస్తారు. కాగితం తెల్లగా ఉందా, మీగడ రంగుకు తిరిగిందా, పెళుసెక్కిందా అన్నది కూడా లేబుల్ మీద వేసి, ప్లాస్టిక్‌లో పెట్టి మూసేస్తారు. పలక పగలగొడితే తప్ప ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ తిరగెయ్యలేరు.

సీజీసీ రాకముందు, 1970 నుంచీ రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ వేస్తూ వచ్చిన ధరల పుస్తకమే ఆ లోకానికి ఆధారం. ఏ సంచిక ఏ స్థితిలో ఉంటే ఎంతో అందులో ఉండేది. స్థితి ఏమిటన్నది మాత్రం అమ్మేవాడు చెప్పిందే వేదం. పోస్టులో పుస్తకం అందాక కొన్నవాడు లబోదిబోమనేవాడు. ఎదురెదురుగా నిలబడి బేరమాడుకున్నంత కాలం ఏదోలా సర్దుబాటయ్యేది. ఇంటర్నెట్ వేలాలు వచ్చి, ఒహాయోలో ఉన్నవాడు ఒరెగాన్‌లో ఉన్నవాడికి మొహం చూడకుండా వేల డాలర్లు పంపాల్సి వచ్చేసరికి మధ్యవర్తి అవసరమయ్యాడు.

గ్రేడు పుట్టింది అందుకు. పుస్తకాన్ని అది ఏ రకంగానూ బాగుచేయదు. చూడకుండా కొనేవాడికి ధైర్యమిస్తుంది, అంతే. ఆ ధైర్యానికి అవతలివాడు ఎంత అదనంగా ఇస్తాడు, దాన్ని తెచ్చివ్వడానికి మీకెంత ఖర్చవుతుంది అన్నదే లెక్క. కాబట్టి మీ పుస్తకానికి ఎన్ని మార్కులొస్తాయో తేల్చుకునే ముందు, దాన్ని ఎవరికి అమ్మబోతున్నారో తేల్చుకోవాలి. పక్క ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా కామిక్స్ షాపు నడుపుతున్నాయన పుస్తకాన్ని తిప్పి చూసి అక్కడికక్కడే డబ్బిస్తానంటే, ఆయన కళ్లే ఆయనకు గ్రేడు. ఆయన తక్కువకే అడుగుతాడు, నిజమే. స్లాబ్ ఖర్చు, ఎదురుచూపు, గ్రేడు తగ్గితే వచ్చే నష్టం అన్నీ ఆయనే నెత్తినేసుకుంటున్నాడు కదా, వాటన్నిటినీ ముందే కోసుకుంటాడు.

హల్క్ పుస్తకం చేతిలో ఉంటే

మాటలు కాదు, ఒక పుస్తకాన్ని తీసుకుని చూద్దాం. ‘ది ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక. కవర్ మీద 1974 నవంబరు, వెల 25 సెంట్లు. రాసింది లెన్ వీన్, బొమ్మలు హెర్బ్ ట్రింప్. ముందు సంచిక చివరి బొమ్మలో తొంగిచూసిన వుల్వరిన్ ఇందులో పూర్తి స్థాయిలో దిగాడు. ఆ తర్వాత సినిమాలు రావడంతో ఈ పుస్తకం ధర కొండెక్కి కూర్చుంది. సంఖ్యలో మరీ అరుదేమీ కాదు, వెతికితే దొరుకుతుంది. అయినా గిరాకీ తగ్గదు.

దీన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు కవర్ చూడరు. పాఠకుల ఉత్తరాల పేజీకి వెళ్తారు. ఆ రోజుల్లో మార్వెల్ కంపెనీ తన సంచికల్లో చిన్న స్టాంపు బొమ్మలు అచ్చేసి, కత్తిరించి ఆల్బంలో అతికించుకోమని పిల్లల్ని ఊరించింది. ఈ సంచికలో ఉన్నది షానా అనే అడవి వీరవనిత స్టాంపు. చెప్పిన మాట విని బుద్ధిగా కత్తెర పట్టిన పిల్లలు, పాపం, యాభై ఏళ్ల తర్వాత తమ ఇంటివాళ్లకు పెద్ద నష్టమే తెచ్చారు. కవర్ అద్దంలా మెరుస్తున్నా సరే, లోపల ఆ చదరపు కన్నం ఉంటే పుస్తకం అసంపూర్ణం. దానికి మామూలు నీలం లేబుల్‌తో మంచి గ్రేడు రావడం కల్ల. కొర్రీ ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ వస్తుంది, లేదా అంకె అట్టడుగుకు జారుతుంది.

స్టాంపు ఉందనుకోండి, అప్పుడు కవర్. దీపం కింద కాస్త ఏటవాలుగా పట్టుకుంటే వెన్ను పొడవునా అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. తెరిచిన ప్రతిసారీ పడ్డ గుర్తులవి. గీత పడినా రంగు చెక్కుచెదరకపోతే అదో సంగతి, రంగు తెగి కింద తెల్ల కాగితం బయటపడితే మరో సంగతి. రెండో రకం మళ్లీ రాదు. పిన్నులు తుప్పు పట్టాయా, తుప్పు కాగితంలోకి పాకిందా? కవర్ రెండు పిన్నులకూ పట్టి ఉందా, మధ్య పేజీ ఊడి వచ్చిందా? మూలలు మొండిబారాయా? వెనక అట్ట మీద కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మరక ఉందా? చందా కట్టి తెప్పించుకున్న కాపీ అయితే పోస్టులో వేసేందుకు నిలువుగా మధ్యకు మడిచి ఉండొచ్చు, ఆ మడత జన్మలో పోదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన వస్తోందా? ఇంకా పాత, 1950ల చివరా 1960ల మొదట్లోనూ వచ్చిన మార్వెల్ పుస్తకాల్లో కొన్నిటికి కుడి అంచున కవర్ చిట్లి ఉంటుంది. మొద్దుబారిన కత్తితో ప్రెస్సులో కోసిన తప్పు అది, అయినా మార్కు పోయేది మీకే.

ఇన్ని చూశాక కూడా సొంతదారు అంచనా ఎప్పుడూ రెండు మెట్లు పైనే ఉంటుంది. బీరువాలో భద్రంగా దాచాం కదా, 9 రాదా అంటారు. 9.8 అంటే భూతద్దం పెట్టి చూసినా ఒకటి రెండు నలుసంత లోపాలకు మించి కనపడకూడదు. ఇంట్లో పిల్లలు చదివి, చేతులు మారి, జాగ్రత్తగానే దాచిన పుస్తకాలకు 5, 6 వస్తే సంతోషించాలి. ఈ ఒక్క విషయం ముందే గట్టిగా అనుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

హల్క్ 181 లాంటిది అయితే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. పూర్తి కాపీ అయితే తక్కువ గ్రేడుకూ మంచి ధరే ఉంది. నకిలీ స్టాంపు అతికించిన కాపీలు తిరుగుతుంటాయి కాబట్టి కొనేవాడికి అనుమానం సహజం. ఆ అనుమానం తీర్చిన పలక తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. చిక్కంతా మధ్యస్థంగా ఉన్నవాటితోనే.

అనుకోలు లెక్క ఒకటి వేద్దాం. విడిగా 300 డాలర్లు వచ్చే పుస్తకం. గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ బీమాతో పార్సిల్ కలిపి 90 డాలర్లు. 7.0 వస్తే 450కి పోతుంది, 6.0 వస్తే 380కి, 5.0 వస్తే 310కి. 7 వస్తే మిగిలేది అరవై. 6 వస్తే పది డాలర్ల నష్టం, 5 వస్తే ఎనభై. ఆన్‌లైన్ సైటు కమీషన్ పదమూడు శాతం దాకా ఉంటుంది. అది మొత్తం ధర మీద పడుతుంది కాబట్టి ఎక్కువ ధరకు అమ్మితే దాని వాటా కూడా ఎక్కువే. వారాలో నెలలో ఆగి, గుండె దడతో ఎదురుచూసి, చివరికి దక్కేది ఇదైతే ఆ 300 తీసుకుని ఇంటికి పోవడం తెలివి. 6 వచ్చినా నష్టం లేదని తేలితేనే పంపాలి. 8 వస్తేనే గిట్టుబాటు అనుకునేవాడు లాటరీ టికెట్ కొంటున్నాడు.

ఫీజు కూడా అందరికీ ఒకటి కాదు. కొత్త సంచికలకు తక్కువ, పాతవాటికి ఎక్కువ, విలువ పెరిగేకొద్దీ మరింత. బాగా ఖరీదైన పుస్తకాలకు ఆ విలువలో ఇంత శాతమని వసూలు చేస్తారు. కొన్ని పదుల డాలర్లతో అయిపోతుందనుకున్నవాళ్లు ఫారం నింపేటప్పుడు కంగు తింటారు.

అందరూ దాచినది, ఎవరూ దాచనిది

1991లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచిక 80 లక్షల కాపీలకు పైగా పోయింది. 1992 చివర్లో సూపర్‌మ్యాన్‌ను చంపేసిన 75వ సంచికను నల్ల కవర్లో పెట్టి అమ్మితే జనం షాపుల ముందు బారులు తీరారు. రేపు బంగారమవుతుందని కొన్నవాళ్లలో చాలామంది కవర్ కూడా విప్పలేదు. అందరూ దాచారు కాబట్టే ఈరోజు వాటికి విలువ లేదు. ఏ గరాజ్ సేల్లోనైనా ముందు కనపడేవి ఇవే. వీటిని స్లాబ్ చేయించడం, 9.8 ఖాయమనుకుంటే తప్ప, శుద్ధ దండగ.

1938 ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక సంగతి వేరు. సూపర్‌మ్యాన్ పుట్టింది అందులోనే. అచ్చేసినవి సుమారు రెండు లక్షలు, ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉండొచ్చని అంచనా. పిల్లలు చదివి పారేశారు, యుద్ధకాలంలో చిత్తుకాగితాల సేకరణకు బస్తాలకు బస్తాలు ఇచ్చేశారు. నటుడు నికొలస్ కేజ్ 1990ల్లో ఒక కాపీని లక్షన్నర డాలర్లకు కొన్నాడు. 2000లో ఆయన ఇంట్లోంచి దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. 2011లో కాలిఫోర్నియాలోనే ఓ స్టోరేజ్ లాకర్లో బయటపడింది. అదే ఏడాది 21 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడైంది, గ్రేడు 9.0. 2026 జనవరిలో అదే కాపీ కోటిన్నర డాలర్లకు చేతులు మారింది. ఇంతకీ సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ ఇద్దరికీ కలిపి హక్కుల కింద ముట్టింది 130 డాలర్లు.

ఈ స్థాయి పుస్తకానికి స్లాబ్ చేయించాలా అని అడగడమే అనవసరం. చేయించకపోతే కొనేవాడే దొరకడు. కాకపోతే మీరు స్వయంగా ప్యాక్ చేసి పంపాల్సిన పని లేదు. పెద్ద వేలం సంస్థలు తమ చేతుల మీదుగా గ్రేడింగ్ చేయిస్తాయి, ఖర్చు తర్వాత అమ్మకంలో పట్టుకునేలా మాట్లాడుకోవచ్చు. ఎన్నో పుస్తకాలు చూసిన కళ్లు కాబట్టి పంపే ముందే దానికి ఎంత రావచ్చో వాళ్లకో అంచనా ఉంటుంది.

ఊదా రంగు భయం

పాత, ఖరీదైన పుస్తకం దగ్గర అసలు భయం అంకె కాదు, రంగు. ఊదా లేబుల్ పడిందంటే పుస్తకానికి రిపేరు జరిగిందని అర్థం. చిరిగినచోట జిగురు, పోయినచోట అతుకు, రంగు తెగిన వెన్ను మీద స్కెచ్ పెన్ను గీత, అంచులు పదునుగా కనపడేందుకు చిన్న కత్తిరింపు. ఒకప్పుడు ఇవన్నీ పుస్తకం మీద ప్రేమతో చేసినవే. కొందరు డబ్బిచ్చి మరీ చేయించుకున్నారు. ఇప్పుడు అదే ప్రేమకు ధర సగానికి పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా దిగజారుతుంది.

కత్తిరింపు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన ఇళ్లల్లో, గ్రంథాలయాల్లో చందమామలను ఏడాదికో బౌండు చేయించడం మర్యాద. బైండరు కుట్టి, అట్ట వేసి, మూడు వైపులా కత్తి పెట్టి సమంగా కోసేవాడు. దాచిపెట్టిన పద్ధతుల్లో అంతకు మించింది మనకు తెలియదు, ఆ పుణ్యాన ఎన్నో సంచికలు బతికాయి కూడా. అమెరికన్ గ్రేడర్ ముందు పెడితే మాత్రం ఆ కోత, ఆ కుట్టు కన్నాలు క్షమించరాని నేరాలు.

తాత కొన్న పుస్తకానికి ఆయన ఎప్పుడో రంగు పూయించాడేమోనన్న అనుమానం ఉంటే ఏం చెయ్యాలి? గ్రేడింగ్‌కు పంపితే నిజం తేలిపోతుంది, తేలాక దాచలేరు. పంపకుండా విడిగా అమ్మితే అనుమానం కూడా కలిపి అమ్మాలి, అంటే ధర తగ్గించాలి. నా మాట అడిగితే, వేల డాలర్ల పుస్తకమైతే పంపడమే మేలు. విడి కాపీ అన్నప్పుడు కొనేవాడు ఎలాగూ రిపేరు ఉందనే అనుకుని బేరం మొదలుపెడతాడు. లేదని తేలితే ఆ తగ్గింపంతా మీకు తిరిగొస్తుంది. ఉందని తేలితే, ఆయన ముందే కోసిన ధర కంటే మరీ ఎక్కువేమీ పోదు. తెలిసీ చెప్పకుండా అమ్మేవాళ్లకు సలహా ఇవ్వడానికి ఈ వ్యాసం కాదు.

ప్రెస్సింగ్ అనేది ఇంకో మాయ. తేమ, వేడి, బరువు కలిపి మెల్లగా అదిమితే, రంగు తెగని మడతలు, వంకరలు మాయమవుతాయి. గ్రేడు అర నుంచి ఒకటి దాకా పెరిగే పుస్తకాలున్నాయి. దీన్ని సీజీసీ రిపేరుగా లెక్కపెట్టదు. ఈ పని చేసిపెట్టే సీసీఎస్ మాత్రం సీజీసీ కుటుంబంలోని సంస్థే. పరీక్ష పెట్టే మాస్టారే సాయంత్రం ట్యూషన్ చెబుతున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ మొత్తం కుటుంబంలో 2021లో బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థ పెద్ద వాటా కొనుక్కుంది. పాత కాగితాలకు మార్కులు వేసే వ్యాపారంలో ఎంత డబ్బుందో చెప్పడానికి అది చాలు. పంపేది ఎలాగూ ఖాయమైతే, మడతలు అలాంటివైతే, ముందు ప్రెస్సింగ్ చేయించడం దండగేమీ కాదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించిన మహానుభావులూ ఉన్నారు. వాళ్ల పుస్తకాలకు పిన్ను గుర్తులు అచ్చులా దిగిపోయి, కవర్ మెరుపు చచ్చిపోయి ఉంటుంది.

అంకె కూడా మనిషి వేసేదే. అందుకే 9.4 వచ్చిన పలకను పగలగొట్టి, పుస్తకాన్ని ప్రెస్ చేయించి, మళ్లీ పంపి 9.6 తెచ్చుకోవడమే వృత్తిగా బతికేవాళ్లున్నారు. వాళ్లు ఎన్నిసార్లు ఓడిపోయారో చెప్పరు. 2023 చివర్లో మరో రకం బాగోతం బయటపడింది. మంచి గ్రేడున్న పలకల్ని పగలకుండా విప్పి, అందులో నాసి కాపీ పెట్టి, పలక గీరుకుపోయిందని కొత్త పలక కోసం సీజీసీకే పంపించి, అసలు లేబుల్‌తో తిరిగి తెప్పించుకున్నారు. సంస్థ అనుమానపు సర్టిఫికెట్ నంబర్ల జాబితా విడుదల చేసి, కోర్టుకెక్కాల్సి వచ్చింది. అప్పటి నుంచి తెలివైన కొనుగోలుదారు లేబుల్ చూసి ఊరుకోవడం లేదు. నంబరు కొట్టి రికార్డు చూస్తాడు, పలక అంచులు చూస్తాడు, లోపలి పుస్తకాన్ని మళ్లీ తన కళ్లతో కొలుస్తాడు. అమ్మేవాళ్లకూ ఇందులో ఒక పాఠముంది: పంపే ముందు కవర్, వెన్ను, వెనక అట్ట, మధ్య పేజీ, ఉత్తరాల పేజీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

కాలం, పన్ను, పెట్టె

2021లో ఇళ్లల్లో కూర్చున్న జనం దగ్గర డబ్బు ఆడి, కామిక్స్ ధరలు పిచ్చిగా ఎగిశాయి. 1962 ‘అమేజింగ్ ఫాంటసీ’ 15, స్పైడర్‌మ్యాన్ పుట్టిన సంచిక, 9.6 గ్రేడు కాపీ ఆ సెప్టెంబరులో 36 లక్షల డాలర్లు పలికింది. అదే గ్రేడు కాపీ 2011లో 11 లక్షలకు పోయింది. ఆ ఊపు చూసి వేలమంది ఒకేసారి పుస్తకాలు పంపారు, వరుస పెరిగింది, నెలలు పట్టింది. తిరిగొచ్చేసరికి మార్కెట్ చల్లబడింది. ధర వార్తల్లో ఉన్నప్పుడు, అంటే సినిమా ట్రైలర్ వచ్చిన వారంలో, విడిగా అమ్మేసినవాడే ఒక్కోసారి గెలుస్తాడు.

అమెరికాలో ఉన్నవాళ్లు పన్ను సంగతి మరిచిపోకూడదు. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మిన కామిక్స్ లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా పోతుంది, షేర్లకైతే పై హద్దు 20. వారసత్వంగా వచ్చినదైతే మాత్రం, పోయినవారు పోయిన నాటి మార్కెట్ విలువే మీ కొన్న ధర కింద లెక్క. ఆ ముగ్గురు అన్నదమ్ముల్లాంటి వాళ్లకు అది పెద్ద ఊరట. ఆ విలువ రాయించి పెట్టుకోవడానికి గ్రేడు అక్కరకొస్తుంది కూడా.

పెట్టెడు పుస్తకాలున్నవాళ్లు అన్నీ స్లాబ్ చేయించాలని చూడకూడదు. నాలుగో ఐదో ముఖ్యమైనవి పక్కకు తీసి వాటి గురించే ఆలోచించాలి. అలాగని ఆ నాలుగూ తీసేసిన పెట్టెను షాపువాడు ఉత్సాహంగా కొంటాడనుకోవద్దు. ఆయన చూసేది ఆ నాలుగింటికోసమే. మిగతావి వాటితో కలిపి అమ్ముడయ్యే సరుకు. మొత్తానికి ఒక ధర, ముఖ్యమైనవి లేకుండా ఒక ధర, రెండూ అడిగి చూడాలి.

మన దేశంలో పాత కామిక్స్‌కు ఈ తతంగం ఇంకా పట్టలేదు. 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ తొలి సంచికకు, 1947 జులై నాటి తొలి చందమామకు కాళ్లరిగేలా తిరిగే సేకర్తలున్నారు. ఆ లోకం చిన్నది, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వంగి కూర్చుని, లోపలి బొమ్మల పేజీ ఉందో లేదో చూసుకుని, వెనక అట్ట లేదని ఇంకో యాభై తగ్గించమనే బేరానికి ఫ్లోరిడా పలక అవసరం లేదు. ఇక్కడి నుంచి అక్కడికి పంపి తెప్పించుకునే ఖర్చుకు పుస్తకమే ఇంకోటి వస్తుంది.

అమెరికాలో ఖరీదైన పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు ఈ వారం చేయాల్సిన పని చిన్నది. తుడవొద్దు, టేపు అంటించొద్దు. ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి మైలార్ కవర్లో ఉంచండి. హెరిటేజ్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మీరనుకున్న గ్రేడు కాదు, దానికి రెండు మెట్లు కింద గ్రేడు కాపీ గత ఆరు నెలల్లో ఎంతకు పోయిందో రాసుకోండి. తర్వాత ఇద్దరు వ్యాపారులకు విడివిడిగా చూపించి, విడి కాపీకి ఎంతిస్తారో అడగండి. ఇద్దరూ ఒకే చోట ఆగి, వెన్ను దగ్గరో పిన్ను దగ్గరో నొసలు చిట్లిస్తే గ్రేడరూ అక్కడే ఆగుతాడు. ఒకాయన పుస్తకం కింద పెట్టకుండా అక్కడే చెక్కు రాస్తానంటే మాత్రం, ఆ చెక్కు తీసుకోకుండా సారసోటా ఫారం నింపడం మొదలుపెట్టండి.